ఆరవ యేట వచ్చే దంతం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పాఠశాలకు 75 సంవత్సరాలు నిండిన వేళ భవనాలను గురించి, పరీక్షా ఫలితాలను గురించి, దాతల ఔదార్యాన్ని గురించి మాట్లాడటం ఆచారం. వాటిని గురించి మాట్లాడగల పెద్దలు ఈ వేదికపై ఎందరో ఉన్నారు. ఈ ప్రసంగానికి ఎంచుకున్న విషయం మాత్రం చాలా చిన్నది. అది ఒక పన్ను.

చిన్నదైనా ఆ పన్నుకు బడితో దగ్గర చుట్టరికం ఉన్నది. పిల్లలు ఒకటవ తరగతిలో చేరే వయస్సు, ఆ పన్ను మొలిచే వయస్సు ఒకటే. 75 సంవత్సరాల క్రితం ఆరవ యేట పలక పట్టుకొని బడికి వచ్చిన బాలునికి ఈనాడు 81 ఏళ్లు ఉంటాయి. ఆనాడు అతని నోటిలో మొలిచిన దవడపన్ను నేటికీ నిలిచి ఉంటే, దానికి కూడా ప్లాటినం జూబిలీయే. నిలవకపోతే, అది బహుశా బడి చదువు ముగియకముందే ఊడిపోయి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది జరుగుతుందన్నది చాలావరకు ఆరు నుండి ఎనిమిది సంవత్సరాల మధ్య ఇంటివారు తీసుకునే శ్రద్ధపై ఆధారపడి ఉంటుంది. ఆ శ్రద్ధ ఏమిటో వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

పాలపన్ను అనే పొరపాటు

ముందుగా పళ్ల లెక్క తెలుసుకోవాలి. పాలపళ్లు 20. ఆరవ నెల ప్రాంతంలో మొదలై రెండున్నర, మూడేళ్లకు అవి పూర్తిగా వస్తాయి. శాశ్వత దంతాలు, జ్ఞానదంతాలతో కలిపి 32. ముందరి పాలపన్ను కదిలి ఊడినప్పుడు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పిల్లవాడు దానిని చేతిలో పట్టుకొని ఊరంతా చూపిస్తాడు. ఊడిన చోట కొత్తది మొలవడం కూడా అందరి కంటా పడుతుంది.

కాని మొదటి శాశ్వత దవడపన్ను అలా రాదు. ఏ పాలపన్నూ ఊడకుండానే, ఉన్న పాలపళ్లన్నిటికీ వెనుక, ఖాళీగా ఉన్న చిగురును చీల్చుకొని అది నిశ్శబ్దంగా వస్తుంది. పై దవడలో రెండు, కింది దవడలో రెండు, మొత్తం నాలుగు. అవి వచ్చిన సంగతి పిల్లలకే సరిగా తెలియదు. ఊడిన పన్ను లేదు కనుక తల్లిదండ్రులు గమనించరు. గమనించినవారు కూడా దానిని పాలపన్నుగానే భావిస్తారు.

వెంబకోట్టై చుట్టుపక్కల తెలుగిళ్లలో ఎక్కడైనా ఇటువంటి సంభాషణ జరగవచ్చు. ఏడేళ్ల పిల్ల చెంప పట్టుకొని వస్తుంది. “అవ్వా, వెనక పన్ను నొస్తా ఉంది” అంటుంది. “పాలపన్నేలే తల్లీ, ఊడిపోయి మళ్లీ కొత్తది వస్తుంది. ఒక లవంగం పెట్టుకొని పడుకో” అని అవ్వ సముదాయిస్తుంది. అవ్వ మాటలో ప్రేమకు లోటు లేదు. లవంగ నూనె నొప్పిని కాసేపు మరపిస్తుంది కూడా. కాని ఆ పన్ను ఊడితే మళ్లీ వచ్చేది కాదు. అది ఆ బిడ్డ ముసలితనం దాకా తోడుండవలసిన పన్ను.

అలాగని పాలపన్నును నిర్లక్ష్యం చేయవచ్చునా? అదీ కూడదు. వెనుక పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోటిలో ఉంటాయి. కింద నుండి రాబోయే శాశ్వత దంతాలకు అవి చోటు పట్టి ఉంచుతాయి. పిప్పి పట్టి ముందుగానే పోతే పక్క పళ్లు ఆ చోటులోకి ఒరుగుతాయి. అప్పుడు తరువాత వచ్చే పళ్లు దారి దొరకక వంకరగా మొలుస్తాయి.

పన్ను ఎలా చెడుతుంది?

పంటిపై ఉండే పింగాణీ పొర, అంటే ఎనామిల్, మనిషి శరీరంలో అన్నిటికన్న గట్టి పదార్థం. ఎముక కన్న గట్టిది. వైప్పారు నది ఒడ్డున వెంబకోట్టై దగ్గర విజయకరిసల్‌కుళం మేడులో 2022 నుండి తమిళనాడు పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపి, శంఖపు గాజులను, పూసలను, మట్టి బొమ్మలను వెలికితీసిన సంగతి ఇక్కడివారందరికీ తెలుసు. ఇటువంటి తవ్వకాలలో పూర్వ మానవుల అవశేషాలు దొరికినప్పుడు, మిగతా శరీరమంతా మట్టిలో కలిసిపోయినా, చాలాసార్లు చెక్కుచెదరకుండా మిగిలేవి పళ్లే. మట్టిలో వేల సంవత్సరాలు నిలిచే ఆ పింగాణీ బతికున్న పిల్లవాని నోటిలో రెండు మూడేళ్లకే కరిగి గుంట పడుతున్నది. కారణం ఏమిటి?

పంటిలో పురుగు పడిందని పూర్వం అనేవారు. సంతలలో పంటిపురుగు తీస్తామని మోసగించినవారూ ఉండేవారు. నిజానికి కంటికి కనబడే పురుగేదీ పంటిలో ఉండదు. నోటిలో సహజంగా నివసించే సూక్ష్మజీవులు పళ్లపై అంటుకొని జిగట వంటి పాచిగా ఏర్పడతాయి. మనిషి తినే తీపిని అవి కూడా తిని ఆమ్లాన్ని విసర్జిస్తాయి. ఆ ఆమ్లం పింగాణీలోని సున్నపు లవణాలను కరిగిస్తుంది. తీపి తిన్న కొద్ది నిమిషాలలోనే ఈ పని మొదలవుతుంది. తరువాత సుమారు అరగంటలో లాలాజలం ఆ ఆమ్లాన్ని శాంతింపజేసి, కరిగిన లవణాలను కొంతవరకు మళ్లీ పంటికి చేరుస్తుంది. అంటే నోటిలో రోజంతా నష్టమూ పూడికా జరుగుతూనే ఉంటాయి. నష్టం మించినప్పుడు గుంట పడుతుంది.

దీనినిబట్టి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తున్నది. ఎంత తీపి తిన్నారన్న దానికన్న, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ప్రధానం. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు అంతకు ముందే వచ్చింది. ఈ ప్రాంతపు పిల్లలకు వాటిని తినవద్దని చెప్పడం న్యాయం కాదు, చెప్పినా వినరు. అన్నం తిన్న వెంటనే ఒకసారి తిని, నోరు పుక్కిలించి, అంతటితో ఆపితే ఎక్కువ ముప్పు లేదు. అదే మిఠాయిని జేబులో వేసుకొని గంటకొక ముక్క చొప్పున సాయంత్రం దాకా నములుతూ ఉంటే, లాలాజలానికి పూడ్చే వ్యవధి దొరకదు. పాకం పళ్ల గాడులలో అతుక్కొని ఉంటుంది. బెల్లం, కరుప్పట్టి, తేనె సహజమైనవి కనుక పళ్లకు హాని చేయవనుకోవడం కూడా భ్రమ. సూక్ష్మజీవికి చక్కెర, బెల్లం భేదం లేదు.

ఆరేళ్ల దవడపంటికి ఈ ముప్పు మరీ ఎక్కువ. దాని నమిలే తలం మీద లోతైన సన్నని గాడులు ఉంటాయి. బ్రష్షు కుచ్చు ఆ గాడుల అడుగుకు చేరదు. కొత్తగా మొలిచిన పింగాణీ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పన్ను పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. అంతదాకా అది పక్క పళ్ల కన్న పల్లంలో ఉంటుంది కనుక బ్రష్షు దానిని దాటిపోతుంది. పైగా ఆ వయస్సులో వేరు ఇంకా పూర్తిగా తయారు కాదు. తొమ్మిది, పదేళ్లకు గాని దాని వేరు కొన మూసుకోదు. ఏడేళ్లకే పిప్పి లోపలి నరం దాకా పోతే చికిత్స పెద్దలకు చేసినంత సులభం కాదు.

అగ్గిపుల్ల నేర్పిన పాఠం

శివకాశి, సాత్తూరు, వెంబకోట్టై ప్రాంతంలో అగ్గిపెట్టెల పని ఎరుగని కుటుంబం అరుదు. ఆ అగ్గిపుల్లకూ పంటికీ ఒక పాత సంబంధం ఉన్నది. అది ఇక్కడివారు తెలుసుకోదగినది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో అగ్గిపుల్లల తలకు తెల్ల భాస్వరం వాడేవారు. ఆ ఆవిరిని పీల్చుతూ పనిచేసినవారిలో కొందరికి మొదట పంటినొప్పి, తరువాత దవడ వాపు, చీము, చివరకు దవడ ఎముకే చచ్చుబడి ఊడిపోవడం సంభవించేది. వియన్నాలో లోరిన్సర్ అనే వైద్యుడు 1845లో ఈ వ్యాధిని వర్ణించాడు. పుచ్చిన పంటి గుంట ద్వారానో, పన్ను పీకిన గాయం ద్వారానో ఆ విషం ఎముకకు చేరుతుందని ఆనాటి వైద్యులు భావించారు.

1888 జూలైలో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల కర్మాగారంలో సుమారు 1400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేశారు. అన్యాయపు జరిమానాలు వారి ప్రధాన ఫిర్యాదు. భాస్వరం అంటిన పనిచోటనే కూర్చొని అన్నం తినవలసి రావడం మరొక ఫిర్యాదు. తినడానికి వేరే గది కావాలన్న కోరిక నెరవేరింది. వారి కష్టాలను అంతకు కొద్ది రోజుల ముందు పత్రికలో వ్రాసి లోకానికి తెలిపినవారు అనీబిసెంట్. ఆమె 1893లో భారతదేశానికి వచ్చారు. మద్రాసులోని అడయారు ఆమె కార్యస్థానమైంది. 1915లో మదనపల్లెలో కళాశాల నెలకొల్పి తెలుగువారికి ఆత్మీయురాలయ్యారు. 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు.

ఆ తరువాత బ్రిటిష్ ప్రభుత్వం భాస్వరపు పనిని గురించి నిపుణులచే విచారణ జరిపించింది. 1899లో నివేదికలు సమర్పించిన ముగ్గురిలో ఒకరు కేంబ్రిడ్జి నగరపు దంతవైద్యుడు జార్జి కన్నింగ్‌హాం. పనివారి పళ్లను నియమిత కాలంలో దంతవైద్యుడు పరీక్షించాలనే నియమం అమలులోకి వచ్చింది. నొప్పి ఉన్నదా లేదా అన్న ప్రశ్నతో పని లేదు. గుంట ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. ఇదే కన్నింగ్‌హాం 1907లో కేంబ్రిడ్జిలో పిల్లల కోసం ప్రత్యేకంగా దంతవైద్యశాల ప్రారంభించాడు. పెద్దవారి నోళ్లలో చూసిన నష్టాన్ని నివారించాలంటే బడిపిల్లల దగ్గరే మొదలు పెట్టాలని అతను గ్రహించాడు.

1906లో బెర్న్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం తెల్ల భాస్వరపు అగ్గిపుల్లలను నిషేధించింది. భారతదేశంలో అటువంటి నిషేధ చట్టం 1913లో వచ్చింది. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి పని నేర్చుకొని వచ్చి అగ్గిపెట్టెల తయారీ ప్రారంభించినది 1923లో. అంటే చట్టం వచ్చిన పదేళ్లకు. కనుక ఐరోపా కార్మికుల దవడలను తిన్న ఆ విషం నుండి ఈ ప్రాంతపు కార్మికులను చట్టం ముందుగానే కాపాడింది. నేటి అగ్గిపుల్ల తలలో భాస్వరం లేదు. పెట్టె పక్కనున్న గీత పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరం.

ఆ విషం పోయినా పాఠం పోలేదు. గుంట పడిన పన్ను తెరచిన ద్వారం వంటిది. ఈనాడు ఆ ద్వారం గుండా లోపలికి పోయేవి సూక్ష్మజీవులు. అవి నరాన్ని చేరి, వేరు కొన దగ్గర చీము పట్టించి, చెంపను వాపిస్తాయి. అరుదుగానైనా గొంతు కిందికి వ్యాపించి ప్రాణాపాయం కలిగిస్తాయి. ద్వారం మూయవలసిన కాలం నొప్పి లేని కాలమే. నొప్పి వచ్చిందంటే లోపలికి రావలసినవి వచ్చేశాయని అర్థం.

ఈ ప్రాంతంలో ఒకప్పుడు పిల్లలు బడికి బదులు అగ్గిపుల్లల చట్రాల ముందు కూర్చునేవారు. శివకాశి బాలకార్మికుల విషయమై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆ తరంలో ఎందరి నోళ్లలోకో తొంగి చూసినవారే లేరు. ఆనాటి పిల్లలలో కొందరు ఈనాడు తాతలు, అవ్వలు. శనగలున్నప్పుడు పళ్లు లేవు, పళ్లున్నప్పుడు శనగలు లేవు అన్న సామెత వారి విషయంలో అక్షరాలా నిజమైంది. వారి మనుమలకు అలా జరగకూడదు.

దంతవైద్యుని దగ్గర ఏమి జరుగుతుంది?

దంతవైద్యుడంటే పన్ను పీకేవాడనే భావం ఇంకా పోలేదు. నొప్పి భరించలేని స్థితిలో మాత్రమే వెళ్లడం వలన చాలామందికి పీకడం తప్ప మరొక అనుభవం లేదు. వెళ్లిన ప్రతివారికీ నొప్పే జ్ఞాపకం ఉంటుంది. ఆ భయం ఇంట్లో పిల్లలకు సంక్రమిస్తుంది. ఆ పిల్లలు కూడా నొప్పి వచ్చేదాకా ఆగుతారు. ఈ గొలుసును తెంచడానికి ఒకటే మార్గం. మొదటిసారి ఏ బాధా లేనప్పుడు పిల్లలను తీసుకుపోవాలి.

నొప్పి లేనప్పుడు వెళితే జరిగేది చాలా స్వల్పం. వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెడతారు. దీపం నోటివైపు తిప్పుతారు. చిన్న గుండ్రని అద్దంతో ఒక్కొక్క పన్నునూ చూస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ఆరేళ్ల దవడపన్ను ఆరోగ్యంగా ఉండి, గాడులు లోతుగా ఉంటే, వాటిని ఒక ద్రవపు పూతతో నింపి దీపపు కాంతితో గట్టిపరుస్తారు. దీనిని సీలెంట్ అంటారు. సూది లేదు, మరతో తొలచడం లేదు, నొప్పి లేదు. కొద్ది నిమిషాల పని. ఆ గాడులలోకి పాకం, పాచి చేరకుండా ఆ పూత అడ్డుకుంటుంది. చిన్న గుంట పడి ఉంటే దానిని శుభ్రపరచి నింపుతారు. ఇదీ ఒక పూట పనే.

నరం దాకా పోయినప్పుడు మాత్రమే మత్తు సూది, వేరు చికిత్స, పలుమార్లు రావడం, పంటికి తొడుగు వేయించడం అవసరమవుతాయి. బాణసంచా, అగ్గిపెట్టెల పనిలో దినకూలికి పోయే తల్లిదండ్రులకు ఒక పూట పోతే కూలి పోతుంది. ఆ ఇబ్బంది నిజమైనది. కాని నొప్పి లేనప్పుడు పోగొట్టుకునేది ఒక పూట. నొప్పి వచ్చిన తరువాత పోగొట్టుకునేవి చాలా పూటలు, పిల్లల బడి దినాలు, రాత్రి నిద్రలు, ఒక్కొక్కసారి ఆ పన్ను కూడా.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. “అల్లరి చేస్తే పళ్ల డాక్టరు దగ్గర సూది వేయిస్తాను” అని పిల్లలను బెదిరించవద్దు. “అస్సలు నొప్పే ఉండదు” అని అబద్ధం కూడా చెప్పవద్దు. “డాక్టరుగారు పళ్లు లెక్కపెడతారు, అద్దంతో చూస్తారు” అని ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఆసుపత్రిలో వినబడే మాటలను ముందుగా పరిచయం చేయడం కూడా మంచిది. తెలుగు పన్ను, తమిళ పల్ ఒక తల్లి బిడ్డలే. ఇంట్లో పుచ్చుపన్ను అన్నదే అక్కడ సొత్తై పల్. ఎక్కడ నొస్తున్నదో, ఎప్పుడు నొస్తున్నదో పిల్లవాడే చెప్పగలిగితే వైద్యునికి సగం పని తీరుతుంది.

పై పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందని, గార తీయిస్తే పళ్లు వదులవుతాయని కొందరు నమ్ముతారు. కంటి నరానికీ పంటి నరానికీ అటువంటి లంకె లేదు. గార తీసిన తరువాత పళ్లు కదిలినట్లు తోస్తే, అది అంతకు ముందే చిగుళ్లు చెడినందువలన. గార ఆ సంగతిని కప్పిపుచ్చింది, అంతే.

ఇంటిలో చేయవలసినవి

దంతధావనం ఈ దేశానికి కొత్త కాదు. సుశ్రుత సంహిత పన్నెండు అంగుళాల పొడవు, చిటికెన వ్రేలి లావు గల పుల్లను వాడమని చెప్పింది. ఇక్కడి అంగుళం అంటే వ్రేలి వెడల్పు. చేదు చెట్లలో వేపను ఉత్తమమైనదిగా పేర్కొన్నది. వెంబకోట్టై అన్న పేరు వినగానే తమిళంలో వేపను చెప్పే వేంబు అనే మాట చెవికి తోస్తుంది. వేప పందుంపుల్లను మెత్తగా నమిలి, కుచ్చు చేసి, చిగుళ్లకు గాయం కాకుండా తోముకుంటే తప్పు లేదు. కాని వెనుక పళ్ల లోపలి వైపుకు, ఆరేళ్ల దవడపంటి మీదికి పుల్ల సులభంగా చేరదు. అక్కడికి చిన్న తల గల మెత్తని బ్రష్షే తగినది. బొగ్గుపొడి, ఇటుకపొడి, కచ్చిక బూడిద, గరుకు ఉప్పు మాత్రం పింగాణీని అరగదీస్తాయి. వాటిని మానుకోవాలి.

పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా ముక్కుపొడిని పంటికి రాసుకునే అలవాటు కొందరు పెద్దలలో కనబడుతూనే ఉన్నది. అది నొప్పిని మరపించే మందు కాదు, నోటి పుండుకు, క్యాన్సరుకు దారి. పెద్దలను చూసి పిల్లలు నేర్చుకుంటారు.

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. రాత్రి పడుకునే ముందు తోమడం ఉదయం తోమడం కన్న ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కనుక రాత్రి మిగిలిన తీపికి ఎదురుండదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తల్లో తండ్రో తోమి పెట్టాలి. అంతకు ముందు పిల్లల చేతికి ఆ ఒడుపు రాదు. ఫ్లోరైడు గల పేస్టు పింగాణీని బలపరుస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మివేయడం నేర్పాలి. మూడు నెలలకొకసారి, లేదా కుచ్చు విచ్చుకున్నప్పుడు, బ్రష్షు మార్చాలి.

ఫ్లోరైడును గురించి మరొక మాట. పళ్ల మీద మచ్చలన్నీ పిప్పి కావు. మితమైన ఫ్లోరైడు పంటికి మేలు చేస్తుంది. తాగునీటిలో అది మితిమీరితే, పన్ను చిగురు కింద తయారయ్యే కాలంలోనే పాడు చేస్తుంది. అటువంటి పళ్లు సున్నపు తెలుపు చారలతో, గోధుమరంగు మచ్చలతో మొలుస్తాయి. ఈ వ్యాధిని భారతదేశంలో మొదట గుర్తించి 1937లో వెల్లడించినది నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ జిల్లా ఇదే బాధకు పేరుపడింది. అక్కడ పళ్లతో ఆగక ఎముకలు కూడా వంగిపోయినవారు ఎందరో. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే వచ్చింది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మేలని, వేరే నీరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చునని భారతీయ ప్రమాణం. ఒకే బోరు నీరు తాగే పిల్లలు పలువురి ముందు పళ్లపై ఇటువంటి మచ్చలు కనబడితే, పిల్లలు సరిగా తోముకోవడం లేదని దండించడం అన్యాయం. పరీక్షించవలసినది ఆ నీటిని.

ఆటస్థలంలో జరిగే ప్రమాదాలను గురించి ఉపాధ్యాయులు తెలుసుకోవలసినది ఒకటి ఉన్నది. దెబ్బ తగిలి శాశ్వత దంతం పూర్తిగా ఊడి వస్తే, దానిని పారవేయకూడదు. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకొని, మట్టి ఉంటే క్షణకాలం నీటితో కడిగి, వీలైతే ఆ చోటనే నిలపాలి. వీలుకాకపోతే పాలలో వేసి, వెంటనే, గంట దాటకుండా దంతవైద్యుని దగ్గరకు చేర్చాలి. ఎంత త్వరగా చేరితే అది తిరిగి అతుక్కునే అవకాశం అంత ఎక్కువ. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. చెంప వాపుతో పాటు జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం కనబడితే మరునాటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ముగ్గురి బాధ్యత

తల్లిదండ్రులకు చెప్పవలసినది ఒకటే. ఈ రాత్రి ఆరేడేళ్ల బిడ్డను దీపం దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. పాలపళ్లకు వెనుక, అన్నిటికన్న పెద్దదిగా, గాడులతో కనబడే పన్ను శాశ్వత దంతం. అది నల్లగానో, గుంటగానో కనబడినా, అసలేమీ కనబడకపోయినా, రాబోయే సెలవులలో ఒకసారి దంతవైద్యునికి చూపించండి. ఆ తరువాత ఆరు నెలలకొకసారి చూపిస్తూ ఉండండి.

ఉపాధ్యాయులకు కూడా ఒక పని ఉన్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలకు వైద్య బృందాలు వచ్చి పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉన్నది. ఆ పరీక్షలలో పిప్పిపళ్లు కూడా ఒకటి. బృందం వచ్చిన నాడు ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఒక్కరూ తప్పిపోకుండా చూడాలి. బృందం వ్రాసి ఇచ్చిన కాగితం పుస్తకాల సంచిలో నలిగిపోకుండా తల్లిదండ్రుల చేతికి చేరినదో లేదో అడగాలి. మధ్యాహ్నం భోజనం తరువాత పిల్లలందరూ వరుసగా నిలబడి నోరు పుక్కిలించడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు కూడా చదువులో భాగమే.

పూర్వ విద్యార్థులు జూబిలీ సందర్భంగా పాఠశాలకు ఏదైనా చేయాలని ఆసక్తి చూపుతున్నారు. బీరువాలు, గడియారాలు, ఫలకాలు మంచివే. వాటితో పాటు, ప్రతి సంవత్సరం బడి తెరిచిన కొద్ది వారాలలో ఒక దంతవైద్యుని పిలిపించి, ఒకటవ, రెండవ తరగతుల పిల్లల దవడపళ్లను పరీక్ష చేయించి, అవసరమైనవారికి ఆ గాడుల పూత వేయించే ఖర్చును భరించగలిగితే, అంతకు మించిన కానుక ఉండదు. ఫలకం మీద దాత పేరు ఉంటుంది. ఈ కానుకకు పేరు వ్రాసే చోటు లేదు. కాని పిల్లలు అన్నం నమిలిన ప్రతిసారీ అది ఉపయోగపడుతూనే ఉంటుంది.

ఈ సంవత్సరం ఒకటవ తరగతిలో చేరిన చిన్నారులకు 75 సంవత్సరాల తరువాత 81 ఏళ్లు ఉంటాయి. వారు ఈ పాఠశాల 150వ వార్షికోత్సవానికి వచ్చి, తెలుగులో మాట్లాడి, తమ పళ్లతోనే వేరుశనగ మిఠాయి కొరికి తినగలగాలని ఆశిద్దాం. అందుకు చేయవలసిన పని ఈ సంవత్సరమే ఉన్నది.